గండికోటలో ఆ రోజు గాలి

మొన్న ప్రొద్దుటూరులో ఒక పెళ్ళిపంక్తిలో నా పక్కన కూర్చున్న అమ్మాయి, నేను కొత్తగా కాపురానికి వెళ్ళిన ఊరి కోడలని తెలిసింది. "అయివారమ్మంటే మీరేనా? మా అత్త చెప్తా ఉంటాది" అని సంబరపడి, ఓళిగ మీద నెయ్యి వేయించుకుంటూ మామూలుగా అనేసింది. "ఆ గండికోట అవ్వ పోయింది గదమ్మా. మూడు నెల్లాయె."

ఎవరా అవ్వ అని అడిగాను. చెప్పింది. ఆ ఊళ్ళో ఎవరు గండికోటకు పోయొచ్చినా ఆ ముసలామె ఇంటి ముందు ఆపి, "ఆడ గాలి ఎట్లుండాది?" అని అడిగేదట. కోట గురించి గానీ, లోయ గురించి గానీ అడిగేది కాదట. గాలి ఒక్కటే. కుర్రవాళ్ళు నవ్వుకుని ఆ పేరు పెట్టారట.

సగం తిన్న విస్తరి మడిచేశాను. నీళ్ళు తాగి లేచి వచ్చేశాను. వంట బాగాలేదేమోనని పెళ్ళివారు కంగారుపడ్డారు. వంటకేం, బ్రహ్మాండంగా ఉంది.

ఆమెకు పేరుంది. ఇక్కడ రాయను. ఆ పేరు తలుచుకుని నోరు తెరవాల్సిన రోజున నేను తెరవలేదు. ఇప్పుడు కాగితం మీద రాసి పుణ్యం కట్టుకోవాలనుకోవడం సిగ్గుమాలిన పని.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. మా పుట్టినిల్లు కర్నూలే. గుడారాల్లో సర్కారు కచ్చేరీలు నడవడం చూసి, నేనూ ఏదో రాజధాని పిల్లనని మురిసిపోయేదాన్ని. పెళ్ళయిన నాలుగు నెలలకు మావారిని జమ్మలమడుగు అవతల, పెన్నేటి ఒడ్డునున్న ఒక పల్లెకు బడిపంతులుగా వేశారు. ఆ ఊరికి ఆయన అయివారు, నేను అయివారమ్మ. ఆమె ఇంటి పక్కనే వాళ్ళదే ఒక మిద్దె ఖాళీగా ఉంటే అందులో దిగాం. ఇద్దరికీ మధ్య ఒక్క గోడ.

నిట్టనిలువు మనిషి. మా గుమ్మంలో తల వంచకుండా దూరలేకపోయేది. నల్లటి ముఖం మీద రెండు వైపులా ముక్కుపుడకలు. చేతులు మాత్రం ఏ మగవాడి చేతులకన్నా పెద్దవి. బెల్లం పగలగొట్టడానికి రోకలి వెతుక్కునేది కాదు, గడప మీద పెట్టి అరచేత్తో ఒక్క గుద్దు గుద్దేది. ఒకసారి నాతో మాట్లాడుతూనే తేలును మడమ కింద నలిపేసి, మాట ఎక్కడ ఆపిందో అక్కణ్ణుంచే ఎత్తుకుంది. నేను కేకలు వేసి మంచమెక్కితే, "ఏమాయె అయివారమ్మా, కత చెప్తాండా గదా, దిగు" అంది.

ఏం జరిగినా "కానీ, చూస్తాంలే" అనడం ఆమెకు అలవాటు. వాన రాకపోయినా అదే, ఆవు ఈనలేక చచ్చిపోయినా అదే. ఆ మాటలో బెదిరింపూ ఉండేది కాదు, ఓదార్పూ ఉండేది కాదు. పని ఇంకా మిగిలి ఉందని గుర్తు చేసుకుంటున్నట్టు ఉండేది.

ఇక ఆమె భర్త. తెల్లటి పంచె, మెలితిప్పిన మీసం, చూడ్డానికి దర్జా అయిన మనిషి. ఊళ్ళో సగం భూమి ఆయనదే. ఆయన భార్యను వదిలి ఊరు దాటేవాడు కాదు. సంతకు వెళ్ళినా, కోర్టుకు వెళ్ళినా, ఎరువుల కోసం వెళ్ళినా బండిలో పక్కన ఆమె ఉండాల్సిందే. నేను పట్నం పిల్లను కదా, అది చూసి కరిగిపోయాను. నన్ను ఊరి చివర చేను దాకా కూడా తీసుకెళ్ళని మావారితో, "చూసి నేర్చుకోండి, భార్యంటే అట్లా చూసుకోవాలి" అని దెప్పిపొడిచాను. ఆ మనిషి పలకా బలపాలు సర్దుకుని బడికి వెళ్ళిపోయారు. ఆయనకు అప్పటికే తెలుసు.

నేను ఆగానా? లేదు. ఆమెతోనే అన్నాను. "అక్కా, మీ ఆయనకు మీరంటే ఎంత ప్రాణమో!"

ఆమె జొన్నలు చెరుగుతోంది. చేట కింద పెట్టి, ఊపిరి అందనంతగా నవ్వింది. "ప్రాణమే లేమ్మా. ఆయప్ప ప్రాణానికే నన్ను తిప్పుకుంటాండాడు" అని అప్పుడు చెప్పింది. ఆ సీమలో పగలు ఎంత ముదిరినా, పక్కన పెళ్ళాం ఉన్న మగవాడి మీద కత్తి ఎత్తరట. ఎత్తినవాడికి ఊళ్ళో పిల్లనిచ్చేవాడుండడట, వాడి ఇంట నీళ్ళు తాగేవాడుండడట. అందులోనూ ఆయన మీద పగపట్టింది ఎవరో కాదు, ఆమె పుట్టింటివాళ్ళు. ఒక బావి నీళ్ళ వంతు దగ్గర మొదలైన తగువు. దాన్ని చల్లార్చడానికే ఆమెను ఆ ఇంటికి ఇచ్చారు. మూడేళ్ళు చల్లారింది. తర్వాత మళ్ళీ రాజుకుంది.

మేము ఆ ఊరికి వచ్చేముందు ఉగాదికి ఆమె తమ్ముడు అక్కను చూడడానికి వచ్చాడట. ఇరవై ఏళ్ళు కూడా లేవు. అప్పుడామె పక్కూరి జాతరలో ఉంది. వాడు తిరిగి ఇల్లు చేరలేదు. పెన్నేటి ఇసకలో చెప్పులు మాత్రం దొరికాయి. ఎవరు చేశారో అందరికీ తెలుసు. శవం లేదు, చూసినవాడు లేడు.

"మా అమ్మకు ఏడ్చే రాత గూడా లేదమ్మా" అంది ఆమె ఒకనాడు. "ఏడిస్తే సచ్చినాడని ఒప్పుకున్నట్ల గదా. అందుకే ఏడవదు. వాని గిన్నె కడిగి కడిగి పెడ్తా ఉంటాది."

గోడకు అవతల నుంచి రోజూ నాకు ఒకటే వినిపించేది. మధ్యాహ్నం ఆయన అన్నానికి కూర్చునేవాడు, ఎప్పుడూ గోడకు వీపు ఆనించే. ఆమె వడ్డించేది. ఒకే గొంతుతో, ఒకే ఊపిరిలో అడిగేది.

"ఇంగొంచెం పెట్టేదా? మా తమ్ముడు యాడుండాడు?"

ఒక్కోరోజు ఆయన విననట్టు తినేవాడు. ఒక్కోరోజు పళ్ళెం పెరట్లోకి ఎగిరి పడేది. కార్తీకంలో ఒకనాడు చెర్నకోల తీశాడు. పట్టపగలు, నడి పెరట్లో. నేను మిద్దె మీద వడియాలు తీస్తున్నాను, కళ్ళారా చూశాను. ఎన్ని దెబ్బలు పడ్డాయో లెక్క తెలియదు, మూడో దెబ్బకే నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచి చూసేసరికి చెర్నకోల కొస ఆమె చేతిలో ఉంది. లాగుతున్నాడు, రావడం లేదు. రవికె వీపంతా తడిసి నల్లగా ఉంది.

"అయిపాయనా? కొర్రలు దంచాల" అని కొస వదిలేసి రోలు దగ్గరికి వెళ్ళింది. మర్నాడు మధ్యాహ్నం గోడ అవతల మళ్ళీ అదే. "ఇంగొంచెం పెట్టేదా? మా తమ్ముడు యాడుండాడు?"

ఆయన నీళ్ళు తాగే తీరు ఇంకొకటి చెప్పాలి. మనవైపు ఎవరైనా చెంబు ఎత్తి, తల వెనక్కు వాల్చి, గొంతులో పోసుకుంటాం. పెదవి తగిలితే ఎంగిలి. ఆయన మాత్రం చెంబును పెదవులకు ఆనించి, అంచు మీదుగా ఎదుటివాళ్ళను చూస్తూ గుటకలు వేసేవాడు. అంత ఆస్తిపరుడికి ఇదేం మర్యాద అనుకునేదాన్ని.

ఆ ఏడు పాత కళ్ళం పల్లమైపోయిందని చెప్పి ఆయన ఊరవతల కొత్త కళ్ళం వేయించాడు. దాన్ని అలికింది ఆమే. పేడనీళ్ళలో చేతులు ముంచి, గొంతుక్కూర్చుని, అర్ధచంద్రాలుగా అలుక్కుంటూ వెనక్కి వెనక్కి జరిగేది. నేనూ సరదాపడి ఒక మూల అలికాను. "నీది పిల్లి గీరినట్టుంది" అని నవ్వి, నేను అలికిన చోట మళ్ళీ అలికింది. అక్కడ నూర్చిన కొర్రలు ఆ చలికాలమంతా వాళ్ళూ తిన్నారు, మేమూ తిన్నాం.

మార్గశిరంలో, తమ్ముడి గురించి ఆమె పుట్టింటివాళ్ళు ఆయన మీద పెట్టిన కేసును కోర్టు కొట్టేసింది. ఆయన ఊళ్ళో బెల్లం పంచాడు. ఆ సాయంత్రం ఆమె ఆయన్ను అడగడం నేను విన్నాను. "ఏడాదంతా నీ కోసరం బండెక్కినా. ఒక్కదినం నా కోసరం నువ్వెక్కు. గండికోట లోయ చూడల్లని శానా దినాలుగా ఉండాది నాకు."

గెలిచిన ఉత్సాహంలో ఉన్నాడు. సరేనన్నాడు.

ఆమె నన్నూ రమ్మంది. స్వయంగా వచ్చి మావారిని అడిగింది. "అయివారూ, మీ ఆయమ్మను ఒక దినానికి పంపియ్యండి. లోయ చూపిచ్చుకోనొస్తా." నేను ఎగిరి గంతేశాను. బడి ఉందని మావారు ఆగిపోయారు.

పుష్యమాసం. తెల్లవారి మంచులో బయల్దేరాం. బండిలో మెత్తగా గడ్డి పరిచి, దాని మీద కంబళి వేసింది. ఆకుపచ్చ చీర కట్టుకుంది, తల్లో కనకాంబరాలు. అంత ముస్తాబుగా ఆమెను నేనెప్పుడూ చూడలేదు. ఆయన మా ఇద్దరి మధ్యన కూర్చున్నాడు. ఆ చోటు ఎందుకు ఎంచుకున్నాడో అప్పుడు నాకు తట్టలేదు. నేను కూడా ఆయనకు ఒక పక్క గోడనే.

దారి పొడుగునా హుషారుగా ఉన్నాడు. బండివాణ్ణి ఎగతాళి చేశాడు, నాకు చేలు చూపించాడు. కోట ద్వారం దగ్గర బండి దిగి, గడ్డి కిందికి చెయ్యి పోనిచ్చి వేటకొడవలి తీశాడు. ఆమె నవ్వింది.

"వేటకొడవలి పట్టుకోని లోయ చూసేకి పోతారా ఎవురన్నా? అయివారమ్మ జడుసుకుంటాది. నేనుండా గదా పక్కన."

ఆయనా నవ్వాడు. కొడవలిని మళ్ళీ గడ్డిలో దోపాడు. బండివాడు ఎద్దులను విప్పి అక్కడే ఉండిపోయాడు. మేము ముగ్గురం సద్దిమూటతో కోటలోపలికి నడిచాం. పాడుబడ్డ గుడి, మసీదు, ధాన్యపుకొట్టు దాటి వెళ్ళగానే నేల ఉన్నట్టుండి అయిపోయింది.

కాళ్ళ ముందు పెన్నేరు కోసుకుపోయిన లోయ. రెండు వైపులా ఎర్రబండలు పేర్చి పెట్టినట్టు నిలువునా దిగిపోయాయి. అడుగున పచ్చటి నీళ్ళు. ఎక్కడో కింద మేకలు మేస్తున్నాయి, వాటి మెడగంటలు పైకి స్పష్టంగా వినిపిస్తున్నాయి. కాపరి వేసిన మంట నుంచి పొగ నిటారుగా లేచి, మా ఎత్తుకు వచ్చి, ఇంకా పైకి పోతోంది.

ఆమె చాలాసేపు అంచున నిలబడింది. "ఇంత బండను కోసింది నీళ్లేనా?" అని అడిగింది.

"నీళ్లే. ఎన్ని వేల ఏండ్లు పట్టిందో" అన్నాడు ఆయన.

"పట్టనీ. కోసింది గదా" అంది.

అంచుకు కాస్త ఇవతల ఒక బండ మీద సద్ది విప్పింది. జొన్నరొట్టెలు, చెనక్కాయలు నూరిన ఊరిబిండి, పెరుగన్నం, ఓళిగలు. ఆయన వెనక ఆనుకోవడానికి గోడ లేదు, లోయే ఉంది. అయినా కూర్చున్నాడు. మా ఇద్దరినీ చూసుకుని ధైర్యంగా కూర్చున్నాడు. ఆమె పెరుగన్నం పెట్టింది. రెండోసారి గరిటె ఎత్తి, ఎప్పటి గొంతుతోనే అడిగింది.

"ఇంగొంచెం పెట్టేదా? మా తమ్ముడు యాడుండాడు?"

ఆయన పగలబడి నవ్వాడు. "ఈడ గూడా మొదలుపెడితివా? కోర్టోళ్లే ఇడిసిపెట్టిరి, నువ్వు ఇడువవా?"

ఆమె గరిటె కింద పెట్టింది. ఆయన ఎడమ మణికట్టు పట్టుకుంది. తల తిప్పకుండానే, "అన్నా" అని పిలిచింది.

బండల చాటు నుంచి నలుగురు లేచారు. తలకు తువ్వాళ్ళు, చేతుల్లో కొడవళ్ళు. ముందున్నవాడికి ఆమె ముఖమే, ఆమె ఎత్తే. పెద్దన్న. నా చేతిలో ఓళిగ అట్లాగే ఉండిపోయింది. ఈ పగటికి రమ్మని వాళ్ళకు కబురు పెట్టింది ఆమేనని నాకు అప్పుడు అర్థమైంది. ఆయనకూ అప్పుడే అర్థమైంది.

లేవబోయాడు. మణికట్టు ఊడి రాలేదు. ద్వారం వైపు చూశాడు, బండి చాలా దూరం. వెనక్కి చూశాడు, లోయ. అప్పుడు ఆమెకు దగ్గరగా జరిగి కూర్చుని, మీసం మీద చెయ్యి వేసి అన్నాడు. "పెండ్లాం పక్కన ఉండంగా చెయ్యెత్తుతారా? ఎత్తండి చూస్తాం."

పెద్దన్న ఆయన్ను చూడనే లేదు. "పాపా, చెయ్యి ఇడువు. ఇడిసి, ఆయమ్మను పిల్చుకోని పక్కకు పో. నువ్వు చూడొద్దు" అన్నాడు. ఆ గొంతులో ఎంత ప్రేముందో ఇప్పటికీ నాకు వినిపిస్తుంది. చేతిలో మాత్రం కొడవలి.

"ఆయప్ప చెప్తే ఇడువనన్నా" అంది ఆమె. "చెప్పకుంటే ఇడుస్తా." తర్వాత భర్త వైపు తిరిగింది. "మా తమ్ముడు యాడుండాడు?"

ఆయన తిట్టాడు. నేను రాయలేని మాటలు తిట్టాడు. ఆమె చిటికెన వేలు ఎత్తింది. మణికట్టు మీద నాలుగు వేళ్ళే మిగిలాయి. కొడవళ్ళు ఒక అడుగు ముందుకు వచ్చాయి. ఆయన కుడిచేత్తో ఆమె ముఖం మీద కొట్టాడు. పెదవి చిట్లి గడ్డం మీదుగా నెత్తురు పెరుగన్నంలో పడింది. ఆమె ఉంగరం వేలు ఎత్తింది. ఇంకొక అడుగు. మధ్యవేలు కదిలింది.

"కళ్లంలో" అన్నాడు.

"యా కళ్లంలో?"

"కొత్తదాంట్లో. నడిమి గుంజ కింద."

ఎద్దులను కట్టి తిప్పే గుంజ అది. ఆ ఏడు ఎన్ని వందల చుట్లు ఎద్దులు ఆ కుర్రవాడి మీద నడిచి ఉంటాయో, ఆ గుంజ చుట్టూ ఆమె ఎన్నిసార్లు చేతులు ఆడించి అలికి ఉంటుందో. అక్కడే పక్కకు తిరిగి కక్కేశాను.

"ఎట్ల సంపినావు?" అని అడిగింది. ఆ గొంతు మాత్రం ఏ కొంచెమూ మారలేదు.

"నువ్వు ల్యాకుంటే వసారాలో కూచున్న్యాడు. నీళ్లడిగినాడు. చెంబిచ్చినా." ఆగాడు. మధ్యవేలు ఇంకొంచెం లేచింది. "తలకాయెత్తి తాగుతాండ్య. అప్పుడు..." అని తన గొంతు మీద వేలితో అడ్డంగా గీసుకున్నాడు.

పాపం, మర్యాద తెలిసిన పిల్లవాడు. అక్కగారింట్లో చెంబు ఎంగిలి చెయ్యకూడదని ఎత్తి తాగాడు.

పెద్దన్న అరుపు లోయలో పడి మళ్ళీ పైకి వచ్చింది. కొడవలి ఎత్తాడు. ఆమె అయిదు వేళ్ళూ బిగించి, లేచి, తన ఒంటిని భర్తకు అడ్డం పెట్టి నిలబడింది.

"చెప్పినాడు గదా. చెప్తే ఇడువనంటి. ఇడువను." చిట్లిన పెదవితో స్పష్టంగా అంది. "ఇంటికి పో అన్నా. అమ్మను ఏడవమను."

ఆ నలుగురూ నిలబడే ఏడ్చారు. తర్వాత కొడవళ్ళు తువ్వాళ్ళలో చుట్టుకుని బండల వెనక్కి వెళ్ళిపోయారు. ఆడమాట కోసం అంత పగ మింగిన మగవాళ్ళను నేను మళ్ళీ చూడలేదు.

తిరుగు దారంతా బండిలో ఆమె పట్టు వదల్లేదు. ఎండిన నెత్తురు గడ్డం మీద అట్లాగే ఉంది. దీపాలు పెట్టేవేళకు వాళ్ళ గడప ముందు బండి ఆగింది. ఆమె ఆయన్ను లోపలి దాకా నడిపించి, "ఇల్లొచ్చింది. ఇంగ ఇడుస్తాండా" అని చెయ్యి వదిలేసింది. ఆయన మణికట్టు మీద అయిదు వేళ్ళూ నల్లగా తేలి ఉన్నాయి.

తర్వాత మా ఇంటికి వచ్చింది. మావారి ముందే నాతో చెప్పింది.

"రేపు గుంజ పెరికిస్తా. పోలీసోళ్లు వస్తారు. నా మాట నమ్మరు, నేను వాని అక్కను. మా అన్నోళ్ల మాట అసలు నమ్మరు. నువ్వు ఎవురి మనిషివీ గాదు. సదువుకున్న్యావు. ఇన్నింది ఇన్నట్ల చెప్పు, చాలు. ఆయప్ప జైల్లో పడితే బతుకుతాడు. మా అన్నోళ్లకు గూడా నెత్తురంటదు. ఇంగ ఎవురూ సావకూడదమ్మా. దీనికోసరమే నిన్ను పిల్చుకోనిపోయినా."

"చెప్తానక్కా" అన్నాను. ఆ పెద్ద చేతులు పట్టుకుని, ఏడుస్తూ, ఒట్టు కూడా వేశాను.

మర్నాడు పొద్దున గుంజ పెరికారు. గడ్డపార ఆమే పట్టింది, ఎవరికీ ఇవ్వలేదు. నడుం లోతున ఎముకలు, వాటితో వెండి మొలతాడు. ఆ మొలతాడును కొంగుతో తుడిచి పక్కన పెట్టింది. జమ్మలమడుగు నుంచి పోలీసులు మధ్యాహ్నానికి వస్తారన్నారు.

వాళ్ళు రాకముందు ఆయన మా గుమ్మంలోకి వచ్చాడు. ఒక్కడే. తెల్లటి పంచె, మెలితిప్పిన మీసం. "అయివారమ్మా, శానా దప్పికగా ఉండాది. నీళ్లియ్యి" అన్నాడు. చెంబు తెచ్చి ఇచ్చాను. పెదవులకు ఆనించి, అంచు మీదుగా మావారిని చూస్తూ, ఒక్కొక్క గుటకే మింగాడు. తర్వాత చెంబును నా చేతిలో పెట్టలేదు, మావారి చేతిలో పెట్టాడు. "మిగిలినవి నువ్వు తాగప్పా అయివారూ. చల్లగుండాయి" అని వెళ్ళిపోయాడు.

మావారి చేతిలో చెంబు ఒరిగింది. నీళ్ళు కాళ్ళ మీద పడ్డాయి.

కళ్ళం దగ్గర ఊరంతా ఉంది. ఎముకలు ఆమె పుట్టింటివాళ్ళే తెచ్చి పాతిపెట్టారని, తనేమీ ఎరగనని ఆయన అప్పటికే చెప్పాడు. హెడ్డు కానిస్టేబులు కాగితం మోకాలి మీద పెట్టుకుని నన్ను అడిగాడు. నిన్న గండికోటలో ఈయన ఏమైనా చెప్పాడా, నువ్వు విన్నావా? ఆమె నా ఎదురుగా నిలబడి ఉంది. పెదవి వాచి ఉంది, చేతులకు మట్టి. మావారు నా మోచెయ్యి పట్టుకున్నారు. గట్టిగా కూడా పట్టుకోలేదు, నెపం ఆయన మీద వెయ్యను. నాకు భయమేసింది. అంతకన్నా గొప్ప కారణం ఏదీ లేదు.

"నాకు వినబడలేదు. గాలి ఎక్కువగా ఉండింది" అన్నాను.

ఆమె నన్ను చూసింది. తిడుతుందనుకున్నాను. మీద పడి కొడుతుందని కూడా అనుకున్నాను, కొట్టినా బాగుండేది. ఆమె కానిస్టేబులుకు వినబడేలా అంది.

"అవు సామీ. ఆడ శానా గాలి."

నన్ను అబద్ధాలకోరును కానివ్వలేదు. కూర్చుని తమ్ముడి ఎముకలను ఏరి కొంగులోకి ఎత్తుకోవడం మొదలుపెట్టింది. పుట్టింటికి వెళ్ళి మట్టి చేయించింది, వాళ్ళమ్మ ఏడ్చింది. ఆమె మళ్ళీ ఆయన గడప తొక్కలేదు.

ఆయన్ను ఎవరూ జైల్లో పెట్టలేదు. బండిలో పక్కన కూర్చునేవాళ్ళు మాత్రం లేకపోయారు. మాఘం వెళ్ళకముందే పెన్నేటి ఇసకలో, పట్టపగలు, ముక్కలు ముక్కలుగా నరికారు. అందుకు బదులుగా ఆయన వైపువాళ్ళు ఎండాకాలంలో ఆమె పెద్దన్నను నరికారు. తర్వాత రెండో అన్నను. ఆ అరుపులు మేము వినలేదు. మావారు కాళ్ళావేళ్ళా పడి ఆలూరుకు బదిలీ చేయించుకున్నారు, అక్కడ కూర్చుని ఒక్కొక్క కబురూ విన్నాం. మూడు ప్రాణాలు. ఒక్క మాటతో ఆగిపోవలసినవి.

తర్వాత అందరూ పోయాక, ఆమె ఎప్పుడో ఆ ఊరికే తిరిగి వచ్చి, మేమున్న ఆ చిన్న మిద్దెలోనే ఒంటరిగా ఉండేదట. పంక్తిలో ఆ అమ్మాయి చెప్పేదాకా నాకు తెలియదు. తెలుసుకుందామని నేనెన్నడూ ప్రయత్నించలేదు. దారిన పోయేవాళ్ళను ఆపి అన్నేళ్ళూ ఆమె ఆ ఒక్క ప్రశ్నే అడిగింది. అన్నం వడ్డిస్తూ తమ్ముడి గురించి అడిగినట్టే అడిగింది, ఈసారి జవాబు తనకు తెలిసి కూడా. చెప్పవలసినదాన్ని నేను. ఒక్కసారైనా ఆ ఊరికి పోలేదు.

లేదక్కా. ఆ రోజు గండికోటలో గాలి లేదు. పొగ నిటారుగా లేచింది. నీ తల్లో కనకాంబరం కూడా కదల్లేదు. ఆయన చెప్పిన ప్రతి మాటా నేను విన్నాను.